అడుగున ఉండాల్సిన తెలుగు మోడ్

ఆదివారం రాత్రి, నరసరావుపేట

ఆట పాడుచేశానన్న దిగులుతో నిద్ర పట్టక రాస్తున్నాను. తెరమీది మాటలు నేను చదువుకోవడానికి వీలుగా మనవరాలు హారిక మా కంప్యూటర్ గేమ్‌కు తెలుగు మోడ్, అంటే ఆటకు పైనుంచి తగిలించే చేర్పు, తయారుచేసింది. సాయంత్రం దాన్ని మిగతా మోడ్‌ల వరుసలో నేనే ఎక్కించాను. అక్షరాల చోట అన్నీ డబ్బాలే వచ్చాయి.

“ఏంది నానమ్మా, తెలుగు మోడ్‌ని అన్నిటికన్నా పైన పెట్టావా?”

“ముఖ్యమైంది గదే! శుభలేఖలో పెద్దల పేర్లు అడుగున వేస్తామా?”

“ఇక్కడ అడుగున ఉండి చివర ఎక్కిందే చెల్లుద్ది. ఇదేమన్నా నీ పెళ్లా?”

వరుస మార్చితే అక్షరాలు వచ్చాయి. కానీ వేసవంతా ఇద్దరం ఆడి దాచుకున్న సేవ్ తెరుచుకోవడం లేదు. “పోతే పోయిందిలే” అంది హారిక. ఆ తరువాత అన్నం సరిగా తినలేదు. రేపు హాస్టల్‌కు వెళ్లిపోతుంది.

1. పొద్దున్నే మోడ్‌లన్నీ తీసేసి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి.
2. అది బస్సెక్కేలోపు సేవ్ తెరిచి చూపించాలి.
3. తెరుచుకోకపోతే, ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ మొదటినుంచి ఆడదామా అని అడగాలి. ఒప్పుకుంటుందో లేదో...