బోర్లా పడుకుని తీసిన ఫొటో

జనవరి, మంగళవారం

మిరపకు ఒక్క తడి ఇవ్వమని అడగడానికి కాలువ చివరి రైతులతో కలిసి ఇవాళ నీటిపారుదల ఇంజనీరు దగ్గరకు వెళ్ళాను. నేను గొంతు చించుకుంటుంటే ఆయన నవ్వుతూ తన ఫోన్ చూపించాడు. అందులో మొన్న నేను ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో, మా కాలువలో సూర్యాస్తమయం.

"నిండా నీళ్ళున్నాయని మీరే పెట్టారు కదండీ!"

అది ఒక గేదె పడుకుంటే నిండిపోయే మడుగు. బోర్లా పడుకుని, ఫోన్‌ను నీళ్ళకు ఆనించి తీశాను కాబట్టి కృష్ణానదిలా వచ్చింది. ఎంత చెప్పినా ఆయన వినలేదు. నీటి దోపిడీ మీద ఇన్నేళ్ళు నేను రాసిన వ్యాసం ఒక్కటీ చదవని మనిషి, ఈ ఫొటో మాత్రం చూశాడు! ఈ వ్యవస్థకు నీళ్ళక్కర్లేదు, నీళ్ళ బొమ్మ చాలు.

బయటికొచ్చాక మాతో వచ్చిన రైతు వెంకటేశ్వర్లు అందరి ముందే అరిచాడు. "ఏరా, నీ ఫొటో సరదాకి నా తోట ఎండాలా?"

సాయంత్రం మళ్ళీ కాలువ దగ్గరకు వెళ్ళి, ఈసారి నిలబడి తీశాను. మడుగు కూడా ఇంకిపోయింది, అన్నీ బీటలే. అదీ పెట్టాను. ఎవరూ పలకలేదు. పాత ఫొటో కింద మాత్రం "మన ఊరి జలకళ" అంటూ ఇంకా పొగుడుతున్నారు.

దాన్ని తీసేద్దామని కూర్చున్నాను. ఇంకా తీసెయ్యలేదు...