మూలలు లేని బాట

నవంబర్ 3, సోమవారం

క్లాసులోకి ట్యాబులొచ్చాయి. నల్లబల్ల పోయింది. దాని స్థానంలో గోడంత తెర. సుద్దపొడి పడితే తెర పాడవుతుందట, అందుకని నా చాక్‌పీసుల డబ్బా కూడా స్టోర్‌రూముకి పోయింది, డస్టరుతో సహా. రోజూ నా చీర కొంగుకి అంటుకుని ఇంటికొచ్చే తెల్లపొడి ఇవాళ లేదు. మా ఆయన ఎగాదిగా చూసి, ఏంటి, ఇవాళ బడి ఎగ్గొట్టావా అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కంపెనీ నుంచి వచ్చిన ట్రైనర్ అమ్మాయి మధ్యాహ్నం దాకా మా టీచర్లందరికీ క్లాసు పీకింది. పాఠం ట్యాబ్ చెబుతుంది. లెక్క ట్యాబ్ ఇస్తుంది. తప్పో ఒప్పో అదే తేలుస్తుంది. టీచర్ చేతిలోని ట్యాబులో ఒక్కొక్కరికి ఒక్కో చుక్క కనిపిస్తుంది. పచ్చదైతే ముందుకెళ్తున్నట్టు, ఎర్రదైతే ఆగిపోయినట్టు. మధ్యలో మేం కల్పించుకోకూడదట. మరి మేమేం చెయ్యాలమ్మా అని అడిగాను. చుక్కలు చూస్తూ ఉండండి మేడమ్ అంది, ఎంతో మర్యాదగా. అందరం గంగిరెద్దుల్లా తలలూపాం.

నవంబర్ 4

పట్టపగలు చుక్కలు చూశాను.

నవంబర్ 6, గురువారం

నిజం చెప్పొద్దూ, అంత చెడ్డదేం కాదు. మూడో బెంచీలో ఒకడున్నాడు, వాడికి నేను పెట్టిన పేరు గొణుగుడు. అర్థం కాకపోయినా అర్థమైందనే గొణిగేవాడు. ఇవాళ చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే పాఠాన్ని వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. చివరికి వాడి చుక్క పచ్చబడింది. నన్ను మళ్ళీ మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డవాడు దాన్ని ఎన్నిసార్లయినా అడిగాడు. కాస్త కుళ్ళుకున్నాను, అయినా సంతోషమే. పైగా దిద్దాల్సిన పుస్తకాల కట్టలు లేవు. సాయంత్రం తీరిగ్గా టీ తాగాను.

ఒక్కటే బెంగ. నా ఆట పోయింది. రోజూ బోర్డు మీద లెక్క చేస్తూ కావాలని ఒకచోట తప్పు రాసేదాన్ని. కనిపెట్టినవాళ్ళు అరవకూడదు, పక్కవాళ్ళకి చెప్పకూడదు, నేను ఎంత గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పకూడదు. లేచి నిలబడాలి, అంతే. మిగతావాళ్ళకి వెతుక్కునే టైమ్ ఉండాలి కదా. నేను చాక్‌పీసు చాపినప్పుడు మాత్రం వచ్చి, తప్పు తుడిచి, సరిగ్గా రాయాలి. ఆ సుద్దముక్క కోసం వాళ్ళు బోర్డుని కళ్ళతో తినేసేవాళ్ళు. ట్యాబ్ తప్పు చెయ్యదు. ఇక ఆటేముంది, నా మొహం!

నవంబర్ 11, మంగళవారం

క్లాసంతా పచ్చ. ఒక్కటే ఎర్రచుక్క. రెండుజడల పిల్లది.

ఆశ్చర్యంగా ఉంది. మొద్దు పిల్ల కాదు. నా ఆటలో అందరికంటే ముందు లేచేది ఇదే. నిన్నటి నుంచి ఒకే లెక్క దగ్గర ఆగిపోయింది. తప్పు కొట్టినప్పుడల్లా ట్యాబ్ పాఠం మొదటికి తీసుకెళ్తుంది. వింటుంది, కొడుతుంది, మళ్ళీ మొదటికి. పైగా పీరియడ్ మధ్యలో ఊరికే లేచి నిలబడుతోంది. ఏమ్మా, బయటికెళ్ళాలా అన్నాను. తల అడ్డంగా ఊపింది. అయితే కూర్చో అన్నాను. కూర్చుంది.

నవంబర్ 13

ఇవాళా అదే ఎర్రచుక్క. ఇవాళా లేచి నిలబడింది. అందరికీ వచ్చింది, నీకొక్కదానికే ఏమొచ్చింది అని కసిరాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. నా చేతి వైపే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ట్యాబ్ ఏం చెబితే అది కొట్టి ముందుకు పదవే తల్లీ అన్నాను.

నవంబర్ 17, సోమవారం

హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచారు. ట్యాబుల రిపోర్టు చూపించారు. రెండుజడల పిల్ల పేరు కింద ఎర్రగీత గీసి ఉంది. వచ్చే సోమవారం నుంచి దాన్ని బ్రిడ్జ్ సెక్షన్‌కి మార్చేస్తారట. నేను కాస్త టైమ్ అడిగాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నేను కళ్ళతో చూసి చెప్పేది అభిప్రాయమే అవుతుందట, ట్యాబ్ అయితే లెక్కపెట్టి చెబుతుందట.

బ్రిడ్జ్ సెక్షన్ అంటే వెనకవైపు రేకుల గది. కింది క్లాసు పుస్తకాలు మళ్ళీ చదివిస్తారు. పేరుకి వంతెనే గానీ, దాని మీదుగా వెనక్కి వచ్చినవాళ్ళని నేను చూడలేదు.

పిల్ల తల్లిని కూడా పిలిపించారు. బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర పని చేస్తుంది, పర్మిషన్ పెట్టి వచ్చింది. నా దగ్గరికొచ్చి, మా పిల్లకి నిజంగా బుర్ర లేదా మేడమ్ అని అడిగింది. ఇంట్లో ఏమైనా చెబుతోందా అన్నాను. ఏమీ చెప్పదట. మేడమ్ చాక్‌పీసులు మళ్ళీ ఎప్పుడు తెస్తారమ్మా అని మాత్రం రోజూ అడుగుతుందట. చిన్నపిల్లల గోల అనుకున్నాను.

నవంబర్ 18, సాయంత్రం

ఆ పిల్ల ట్యాబ్ ఇంటికి తెచ్చుకున్నాను. ఎలాగైనా ఆ లెక్క ఏంటో చూసి, రేపు పక్కన కూర్చోబెట్టుకుని దాటించేద్దామని.

లెక్క ఇదీ: ఇరవై మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు ఉన్న తోట. దాని చుట్టూ, బయటివైపు, మీటరు వెడల్పున బాట. బాట వైశాల్యమెంత? బాటతో కలిపి ఇరవైరెండు, పద్నాలుగు. అందులోంచి తోటని తీసేస్తే అరవైఎనిమిది. కొట్టాను. ఎర్రచుక్క. పాఠం మొదటికెళ్ళింది, విని మళ్ళీ కొట్టాను. ఎర్రచుక్క. మా ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, నిన్ను కూడా రేకుల గదికి పంపించేస్తారేమోనే అన్నాడు.

మూడోసారి తప్పయ్యాక జవాబు అదే చూపించింది: అరవైనాలుగు.

కాగితం మీద బొమ్మ గీశాను. ట్యాబ్ జవాబు ప్రకారం నాలుగు పక్కలా బాట ఉంది. నాలుగు మూలల్లో లేదు, మూలకో చదరపు మీటరు ఎగిరిపోయింది. లెక్క తయారుచేసినవాళ్ళెవరో మూలలు మర్చిపోయారు. ఆ బాట మీద నడిచేవాళ్ళు ప్రతి మూల దగ్గరా గెంతాలన్నమాట!

తర్వాత నా ట్యాబ్ తెరిచి మిగతా పిల్లలవి చూశాను. సగం క్లాసు మొదట అరవైఎనిమిదే కొట్టింది. అది కాదంటే, చూపించిన అరవైనాలుగు కొట్టి వెళ్ళిపోయారు. వచ్చిన లెక్కని రాని లెక్క చేసుకుని పచ్చచుక్క తెచ్చుకున్నారు. అందరూ పచ్చగా ఉన్నారు కదా అని నేను ఆ లెక్క వైపే చూడలేదు. ఇన్ని రోజులుగా సరైన జవాబు పట్టుకుని కూర్చున్నది ఆ ఒక్క పిల్ల. దాన్నే నేను కసిరాను.

నవంబర్ 19, బుధవారం

పొద్దున్నే దాన్ని పిలిచి అడిగాను. నీది సరైన జవాబే కదమ్మా, ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా అని. మళ్ళీ నా చేతి వైపే చూసింది. ఖాళీ చెయ్యి.

అప్పుడు వెలిగింది నా బుర్రకి.

ఆ తప్పు నేనే పెట్టాననుకుంది. ఆట ఆడుతున్నాననుకుంది. కనిపెట్టింది, లేచి నిలబడింది, నోరు మూసుకుంది. నేను నేర్పినట్టే. నేను కసిరినా, పాఠం మొదటికొచ్చినా, నేను చాక్‌పీసు చాపేదాకా చెప్పకూడదని బిగబట్టుకుంది. కూర్చోమన్నానే నేను! ఏడుపొచ్చింది. పిల్ల ముందే ఏడ్చాను.

స్టోర్‌రూముకి పరిగెత్తి డబ్బా తెచ్చాను. బోర్డు లేదు కదా, అందరినీ వరండాలోకి రమ్మన్నాను. చాక్‌పీసు చాపాను. ఆ పిల్ల మొహం చూడాలి! గచ్చు మీద తోట గీసింది, చుట్టూ బాట గీసింది. గొణుగుడుని ఆ బాట మీద నడవమంది. మూల దగ్గరికి రాగానే ఆపింది. అక్కడ కాలు పెట్టకూడదట, అది లెక్కలో లేదట. వాడు ఒంటికాలి మీద నిలబడి, మరెలా వెళ్ళాలే అన్నాడు. ఈసారి గొణగలేదు, వరండా అంతా వినబడింది. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపి, మూలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

నవంబర్ 20

హెడ్‌మిస్ట్రెస్ గారిని వరండాలోకి లాక్కొచ్చినంత పని చేశాను. బొమ్మ చూశారు. ఫోనులో లెక్క కొట్టి చూసుకున్నారు. చెప్పులు విప్పి, చీర కాస్త పైకి పట్టుకుని, ఆ బాట మీద చుట్టూ నడిచారు. నాలుగు మూలలూ తొక్కారు. రెండుజడల పిల్ల ఎక్కడికీ వెళ్ళదు అన్నారు. రేకుల గదిలో ఉన్నవాళ్ళ లెక్కలు కూడా నన్నే ఒకసారి చూడమన్నారు. చాక్‌పీసుల డబ్బా సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. అది నా బల్ల కిందే ఉంది.

సాయంత్రం బట్టల షాపుకి వెళ్ళి ఆ తల్లికి నా నోటితో చెప్పాను. బిల్లు కొడుతున్న చెయ్యి ఆగిపోయింది. వెనక వరుసలో జనం విసుక్కున్నారు. విసుక్కోనీ.

నవంబర్ 25, మంగళవారం

ట్రైనర్ అమ్మాయి ఫోన్ చేసింది. మేం రాసి పంపిన ఆ మూలల లెక్క సరిచేశారట. చాలా థాంక్స్ మేడమ్ అంది. ఈ లెక్క ఎన్నో బళ్ళలో నడుస్తోందట. ఇంకెక్కడి నుంచీ ఒక్క కంప్లయింటు కూడా రాలేదట. అన్నిచోట్లా పచ్చేనట.



డిసెంబర్ 2

ఇవాళ ట్యాబ్ పీరియడ్‌లో క్లాసంతా లేచి నిలబడింది. గొణుగుడుతో సహా. అన్నీ పచ్చచుక్కలే. తప్పెక్కడుందో నాకింకా దొరకలేదు. కూర్చోమనలేదు.