అమ్మ నోట ‘ఆయ్’

మంగళవారం, ధవళేశ్వరం

అమ్మ మీద రాసిన కథ మళ్ళీ తిరిగొచ్చింది. ఎడిటర్ గారు ఫోన్ చేసి, "బావుందండి, కానీ గోదావరి యాస ఎక్కడా లేదండి," అన్నారు. మా ఆయనకి చెబితే, "మనకి యాసేంటి? మామూలుగానే మాట్లాడతాం కదా!" అని నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. సాయంత్రమంతా కూర్చుని, సినిమాల్లో మావాళ్ళ చేత అనిపించే ‘ఆయ్’ని ప్రతి మాటకీ తగిలించాను. ఆస్పత్రిలో అమ్మ నాతో ఆఖరిసారి అన్న మాటని కూడా వదల్లేదు.

"తలుపెయ్యవే, చలేస్తోంది, ఆయ్."

పైకి చదువుకున్నాను. ఎవరో ముసలావిడ. అమ్మ కాదు. పెద్దవాళ్ళతో, పైవాళ్ళతో మర్యాదకి అనే ఆయ్ కూతురితో ఏంటి, నా మొహం!

అన్నీ చెరిపేసి, అమ్మ అన్నది అన్నట్టే ఇంకో పత్రికకి పంపాను. వాళ్ళూ వద్దనే అంటారు. అప్పుడింక అమ్మ గొంతు నాతోనే పోతుంది.