రిజిస్టర్‌లోకి ఎక్కని కబురు

మార్చి 14, ఉదయం 10.20

సగిందిక్ అగా ఫోన్ చేశాడు. ఇరవై ఆరేళ్ళుగా చమురు పైప్‌లైన్ వెంబడి గస్తీ తిరిగే మనిషి, పెద్దవాడని అందరం అగా అంటాం. మంచు కరిగి జీపు దిగబడితే గుర్రమ్మీద వెళ్ళాడట. 212వ కిలోమీటరు దగ్గర వాగులో చమురు వాసన కొడుతోంది కుల్పాష్, పంపులు ఆపమ్మా అన్నాడు. చమురు కంటికి కనిపించిందా అన్నాను. లేదు, వాసనే అన్నాడు. కంట్రోల్ రూమ్‌లో నా స్క్రీన్ మీద ప్రెజర్ మామూలుగానే ఉంది.

షిఫ్ట్ ఇన్‌చార్జి ఎర్గాజీకి చెప్పాను. పగలబడి నవ్వాడు. పోయిన అక్టోబర్లోనూ ఆ ముక్కునే నమ్మి ఆపాం కదా, తీరా చూస్తే గొర్రెల కాపరి ట్రాక్టర్ డీజిల్ అన్నాడు. సరిహద్దు అవతల రష్యా వాళ్ళ రేవులో మన చమురు కోసం ఓడ కాచుక్కూర్చుంది, వాళ్ళకేం చెప్తావ్, మా ముసలాయనకి వాసనొచ్చిందనా అన్నాడు. రిజిస్టర్‌లో ఎక్కించకు, ఎక్కిస్తే ఆపి తీరాలి అన్నాడు.

ఎక్కించలేదు.

మార్చి 15

డ్యూటీ లేదు. బట్టలు ఉతికాను. మనసంతా ఆ వాగు దగ్గరే.

మార్చి 16, మధ్యాహ్నం 1.05

ప్రెజర్ ఒక్కసారిగా పడిపోయింది. ఎర్గాజీని అడక్కుండా పంపులు ఆపేశాను. రెండ్రోజులు ఆలస్యంగా.

మార్చి 18

వెళ్ళి చూశాను. వాగు పొడుగునా నల్లగా, చిక్కగా. అగా గుర్రాలు రెండు, చూలుతో ఉన్నవి, ఆ నీళ్ళే తాగాయి. ఒకటి పడిపోయి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తన టోపీతో దాని మూతి తుడుస్తున్నాడు. చెప్పాను కదమ్మాయ్ అన్నాడు. గట్టిగా తిట్టినా బావుండేది.

మార్చి 22

నౌరిజ్, మా కొత్త సంవత్సరం. పండగ జావ గిన్నెతో సహా పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను.

ఏప్రిల్ 3

విచారణ. ముగ్గురు ఆఫీసర్లు. గస్తీ మనిషి ముందుగా కబురు చేశాడా అని అడిగారు. రిజిస్టర్‌లో లేదండీ అన్నాను. వాళ్ళు అదే రాసుకున్నారు. ఇంకో మాట అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. బయటికొచ్చాక ఎర్గాజీ, భేష్, చక్కగా చెప్పావ్ అన్నాడు.

ఏప్రిల్ 9

అగాని పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యమట.

ఏప్రిల్ 12

వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య బల్జాన్ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆయనే టీ పోశాడు, అంచుదాకా. మా వైపు కావలసినవాళ్ళకి సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యొచ్చని. నిండా పోశారంటే తాగి లేవమని.

నా ముక్కు పనికిరానిదన్నా పడేవాణ్ణి అన్నాడు. నేను అసలు పనే చెయ్యలేదన్నారు, దానికి నువ్వూ ఊఁ కొట్టావు అన్నాడు.

టీ గబగబా తాగేశాను. నాలుక కాలింది. క్షమించమని అడగడానికే వెళ్ళాను. అడగలేదు.

ఏప్రిల్ 13

విచారణ ఆఫీసర్లకి రెండు పేజీలు రాసిచ్చాను. ఆయన ఫోన్ చేసిన టైమ్, అన్న మాట, నేను దాచిన సంగతి. ఎర్గాజీ నీ కొంపతో పాటు నా కొంపా ముంచావు కదే అన్నాడు. అతనికి ముగ్గురు ఆడపిల్లలు. అదీ నిజమే.

మే 20

ఎర్గాజీని పంపేశారు. నన్ను స్టోర్‌లో వేశారు, గ్లౌజులు, బూట్లు పంచే పని. వాగు పక్క చమురు తాగిన మట్టి ఇంకా లారీల్లో తోలుతూనే ఉన్నారు. రెండో గుర్రమూ పోయిందట.

జూన్ 11

అగాని మళ్ళీ పనిలోకి పిలిచారు. బూట్ల కోసం స్టోర్‌కి వచ్చాడు. తీసిచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలో మీరు చూపించండి అన్నాడు.

పన్నెండేళ్ళుగా అమ్మా, అమ్మాయ్ అనేవాడు, నన్నెప్పుడూ మీరు అనలేదు.