మల్లేశ్ సెమీస్ గెలవాలి

ఆదివారం రాత్రి

మా కొండాపూర్ కబడ్డీ జట్టు ఫైనల్‌కు చేరింది. పిల్లలు ఊపు మీదున్నారు. కానీ కుడి మూల పట్టు పట్టే రాజు మోకాలు వాచింది. అదే భయం.

ఆట అయ్యాక మల్లేశ్ వచ్చాడు. నా దగ్గర ఆట నేర్చి, మాదాపూర్ జట్టుకు పోయి కెప్టెన్ అయినవాడు.

"ఉస్తాద్, ఇగ ఇంట్ల కూసో. నీ పట్లు నీ లెక్కనే ముసలివైనయ్" అన్నాడు, అందరి ముందు.

"ఫైనల్ల దొరుకు బిడ్డా, చెప్త" అన్నాను.

కూతకు వెళ్లి తిరిగేటప్పుడు వాడు ఎడమ కాలు ఆలస్యంగా తీస్తాడు. ఎంత తిట్టినా మారలేదు. ఆ కాలు రాజుకే దొరకాలి.

కానీ రేపు సెమీస్‌లో వాడు ఇంకొకరి చేతిలో ఓడిపోతే? పొద్దున్నే పోచమ్మకు వాడి పేరు మీద కొబ్బరికాయ కొడతాను.