గార్డు కింద బొట్టు

చేవెళ్ల

పరమేష్ అన్నకు నమస్తె.

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల మీ చేతి కింద గేటు పని చేసుకుంట మా ఆయన రెండు వేళ్లు తెగి దవాఖానల పడ్డడు. మేస్త్రిగ మీరు చూడనీకి వచ్చిర్రు, సంతోషం. కానీ పండ్లతోని పాటు ఇనుము కోసే ఆ గ్రైండర్ ఎందుకు తెచ్చినట్టు?

"చూడు చెల్లె, బ్లేడు మీద ఈ ఇనుప మూత, గార్డు, ఉన్నది. నీ మొగడే అడ్డమొస్తుందని ఆ పొద్దు ఊడదీసిండు, నేను మళ్ల బిగించిన" అన్నరు. ఫామ్‌హౌస్ ఓనర్ వస్తే చూపియ్యాలని మిషన్‌ను మంచం కింద పెట్టి పోయిర్రు. ఓనర్‌తోని గట్లనే చెప్పుమని మా ఆయనకు నేర్పిర్రట. చెప్తడు, మీ ఉప్పు తిన్నోడు గదా. నేనడిగితే మాత్రం గోడ దిక్కు తిరుగుతున్నడు.

నాకు మిషన్ల సంగతి తెల్వదు. అయినా ఆ గార్డుకు ఒక్క గీత లేదు, నిప్పురవ్వల మచ్చ లేదు. గందుకే మీ పండ్లు కోసిన చాకుతోనే స్క్రూ తిప్పి ఊడదీసిన. గార్డు పట్టీ కింద, మిషన్ మెడకు, పసుపు కుంకుమ అంటుకొని ఉన్నయి.

మొన్న దసరాకు వదినె ఊర్ల లేదని మీ షెడ్డుల ఆయుధ పూజకు నన్ను పిలిచిర్రు. బొట్లు పెట్టింది నేనే. ఆనాడు గార్డు ఉంటే నా వేలు దాని కిందికి ఎట్ల పోయింది?

ఓనర్ ఐతారం వస్తడట. రానీయండి. మిషన్‌ను బొట్టు చెరగకుంట నా పాత చీరెల చుట్టి పెట్టిన.

ఇంకొక్క మాట. మీ షెడ్డుల కడమ మిషన్లకు కూడ నేను బొట్టు గాడనే, మెడకే పెట్టిన, అన్నా; ఒక్కదానికి గూడ గార్డు అడ్డం రాలే. వాటి మీద ఇయ్యాల ఎవరు పని చేస్తున్నరు?

మీరు చెల్లె అన్నామె