నీ డెబ్బై పౌండ్ల విల్లు

బావా,

ఆదివారం నీ సంవత్సరీకానికి కాపెల్‌లో మీ ఇంటికి మనవాళ్లంతా వచ్చారు. "డెబ్బై పౌండ్ల విల్లు లాగేవాడండీ!" అని నీ ఫోటో ముందు ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు ప్రతి పార్టీలో ఆ డెబ్బై గురించి చెప్పుకునేవాడివి. వింటి తాడును అంత బలం పెట్టి లాగడం నీ వల్ల కాదని నాకొక్కడికే తెలుసు. విల్లును ఆకాశంలోకి ఎత్తి, ఒళ్లంతా ఊగిపోతూ లాగేవాడివి. మనం వేటకెళ్లిన ఆ రోజు ఆ ఊపుకే జింక బెదిరి తిరిగింది. బాణం భుజం ఎముకకు తగిలి సగమే దిగింది. నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ వాగు దాకా వెళ్లాం.

"పదకొండింటికి ఆఫీస్ కాల్ ఉంది, వదిలెయ్ బావా. ఎక్కడో చస్తుందిలే" అన్నావు. నీ వెనకే నేనూ కారెక్కాను. నన్ను అలా ఎక్కించినందుకే నిన్ను క్షమించలేను.

నిన్న వేటకు నీ విల్లే తీసుకెళ్లాను. ముందే షాపులో దాని బిగువు యాభై పౌండ్లకు దింపించాను. "యాభై ఆడపిల్లలకు" అని నవ్వేవాడివిగా, నవ్వుకో. కదలకుండా లాగి, జింక పక్కకు తిరిగేదాకా ఆగాను. బాణం ఊపిరితిత్తుల్లోంచి అవతలికి దూసుకుపోయింది. జింక పాతిక అడుగులు వేసి పడిపోయింది.

మాంసం కడుగుతూ మీ చెల్లెలు, "అన్నయ్య విల్లు కదా, డెబ్బై పౌండ్లు మరి!" అని మురిసిపోయింది. ఆ వెంటనే ఏడ్చింది.

"అవును" అన్నాను. నాకు గుర్తొచ్చింది నువ్వు కాదు. మనం వాగు దగ్గర వదిలేసొచ్చిన జింక.